ఒకే చర్చికి జీవితమంతా ఇవ్వడమా, చర్చి తర్వాత చర్చి కట్టడమా: ఏది మేలు?

చర్చిల డిజైన్‌లోనే స్థిరపడాలనుకునే ఆర్కిటెక్ట్ చూడాల్సిన జీవితాలు రెండున్నాయి. ఒకటి బార్సిలోనాలో గౌడీది, రెండోది జర్మనీలో గాట్‌ఫ్రీడ్ బోమ్‌ది.

గౌడీ సగ్రదా ఫమీలియా అనే పెద్ద చర్చి పని అందుకునేసరికి ఆయనకు 31 ఏళ్లు. అది 1883. 1914 నుంచి మిగతా పనులన్నీ మానేసి దాని మీదే ఉండిపోయారు. 1926లో ట్రామ్ ఢీకొని చనిపోయే నాటికి పూర్తయింది ఒక్క గంట గోపురమే. 1936లో ఆయన వర్క్‌షాప్ మీద దాడి జరిగి ప్లాస్టర్ నమూనాలు పగిలిపోయాయి. తర్వాత వచ్చినవాళ్లు ఆ ముక్కలు ఏరుకుని పని సాగించాల్సి వచ్చింది.

కానీ అంత ఓపికతోనే సాధ్యమయ్యే పనులూ ఉన్నాయి. బార్సిలోనా దగ్గరి కొలోనియా గుయెల్ చర్చి కోసం గౌడీ పైకప్పు నుంచి దారాలు వేలాడదీసి, సీసపు గుళ్లు నింపిన చిన్న సంచులు వాటికి కట్టారు. బరువుకు దారం ఏ వంపులో నిలుస్తుందో, దాన్ని తలకిందులు చేస్తే రాతి కమానుకు సరిపోయే ఆకారం అదే. ఫొటో తీసి తిప్పి చూసుకునేవారు. ఈ నమూనాకే దాదాపు 10 ఏళ్లు పట్టింది. చివరికి కట్టగలిగింది చర్చి కింది భాగం మాత్రమే.

బోమ్ తండ్రి డొమినికస్ కూడా చర్చిల ఆర్కిటెక్టే. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన చర్చిలు మళ్లీ లేవాలి కాబట్టి పనికి కొదవ లేదు. జర్మనీలోని కొలోన్ నగరంలో బాంబులకు నేలమట్టమైన సెయింట్ కొలుంబా చర్చిలో ఒక మరియమ్మ విగ్రహం మిగిలింది. దాని చుట్టూ, ఆ శిథిలాల మధ్యే, 1950 నాటికి గాట్‌ఫ్రీడ్ చిన్న ప్రార్థనాలయం కట్టారు. అదే ఆయన మొదటి కట్టడం. చర్చిలతోనే ఆగిపోకుండా బెన్స్‌బర్గ్ టౌన్ హాల్ కూడా కట్టారు. 1986లో ఆర్కిటెక్ట్‌లకిచ్చే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

నన్నడిగితే బోమ్ దారే మేలు. ప్రసంగం చివరి బెంచీ దాకా వినిపిస్తోందా, పొద్దుటి ఎండ కళ్లలో పడుతోందా అన్నది జనం వచ్చి కూర్చుంటే గానీ తెలియదు. తెలిశాక తర్వాతి చర్చిలో సరిచేసుకోవచ్చు. బోమ్ జర్మనీలోని నెవిగెస్‌లో కట్టిన, 1968లో పూర్తయిన చర్చి చూడండి. యాత్రికులు నడిచొచ్చే బాట మీది ఇటుకల పరుపే లోపలికీ సాగుతుంది. లోపల వీధి దీపాల్లాంటి స్తంభాలుంటాయి. దూరం నుంచి నడిచొచ్చినవాళ్లకు అది ఊరి మధ్య కూడలిలా ఉంటుంది.