షేర్లు అమ్మేయాలా, ఉంచుకుని అడగాలా?

రామగుండం బొగ్గు పొగ చూసి బాధపడే హనుమకొండ మదుపరి దగ్గర ఆ బొగ్గు కాల్చి కరెంటు తీసే ఎన్టీపీసీ షేర్లు ఉన్నాయనుకోండి. దారులు రెండు. (సింగరేణి సంగతి వేరు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. మనకు షేరే దొరకదు.)

అమ్మేస్తే మనసుకు హాయి, అంతే. ఆ షేరు ఇంకొకరు కొంటారు, బాయిలర్ ఆగదు.

ఉంచుకుంటే పని ఎక్కువ. ఏటా సర్వసభ్య సమావేశానికి ముందు ఈ-ఓటింగ్ ఉంటుంది, ఇంట్లో కూర్చునే ఓటెయ్యొచ్చు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీలు బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాలి. ఉద్గారాలు, నీటి వాడకం, వ్యర్థాల లెక్కలు అందులో ఉంటాయి. అవి చదివి, బూడిద ఎటు పోతోందని నిలదీయొచ్చు. 2021లో ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న ఫండ్ దాదాపు 0.02 శాతం వాటాతోనే అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ బోర్డులో మూడు సీట్లు గెలిచింది. అదీ పెద్ద ఫండ్లు దానికి ఓటేశాయి కాబట్టే. ఎన్టీపీసీలో సగానికి పైగా వాటా కేంద్రానిదే, ఇక్కడ ఆ ఆట సాగదు. అయినా అడిగే హక్కు షేరుతోనే వస్తుంది. డబ్బు అవసరం పడితే తప్ప, నేనైతే ఉంచుకోమనే అంటాను.