ఊరెళ్తే కాఫీ: రెండు కప్పుల స్టీలు ఫిల్టరు గురించి

ఈ ఫిల్టరులో నాకు బాగా నచ్చిందీ, నన్ను బాగా ఏడిపించిందీ ఒకటే. పొడి వేసి నీళ్లు పోసే పై గిన్నె, డికాక్షన్ దిగే కింది గిన్నెలో కూర్చునే బిగువు. మిగతాదంతా మీ ఇళ్లలో ఉండే ఫిల్టరే కాబట్టి స్టీలు ఎంత మందం, చిల్లులు ఎంత సన్నం అని చెప్పి విసిగించను.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్లో కొన్నాను. కంపెనీ పేరేమీ లేదు. అడుగున ఏదో ముద్ర ఉండేది, అదీ తోమి తోమి అరిగిపోయింది. రెండు కప్పులదని కొట్టాయన చెప్పాడు గానీ, నేను తాగే చిక్కదనానికి ఒకటిన్నర కప్పు అనుకోండి. ఇంట్లోకి పెద్దది వేరే ఉంది. ఇది ప్రయాణాలకే కొన్నాను.

ప్రయాణాలంటే సరదాగా తిరగడం కాదు. బ్యాంకు శాఖల ఆడిట్ నా పని. ఇల్లు సత్యనారాయణపురంలో, పని మాత్రం నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, మచిలీపట్నం, ఎటు పంపితే అటు. వెళ్లిన ఊళ్లో కొన్ని రాత్రులు లాడ్జిలో ఉండాలి. పొద్దున్నే సరైన కాఫీ పడకపోతే పదకొండింటికల్లా తలనొప్పి మొదలవుతుంది. ఆ తలనొప్పితో వోచర్లు ముందేసుకుంటే నాకంటే ఆ శాఖ మేనేజరుకే ఎక్కువ కష్టం.

మన వైపు మంచి కాఫీ లేదని కాదు. విజయవాడలో పాత టిఫిన్ హోటళ్లలో బాగుంటుంది, గుంటూరు బ్రాడీపేటలోనూ దొరుకుతుంది. కాకపోతే అవి తెరిచే వేళకు నేను బస్సులో ఉంటాను. తెల్లవారుజామున పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో నాకు దొరికేది మిషన్ బటన్ నొక్కితే వచ్చే తియ్యటి నురగ. పల్నాడు వైపు వెళ్తే పూర్తిగా టీ రాజ్యం. అక్కడ కాఫీ అడిగితే టీకి కాచిన పాలల్లోనే ఇన్‌స్టంట్ ప్యాకెట్ చించి పోస్తారు. పంచదార ముందే పడి ఉంటుంది. తెనాలి వైపు రైల్లో వెళ్తుంటే దుగ్గిరాల వస్తుంది కదా, పసుపు యార్డుకు పేరున్న ఊరు. అక్కడ సీసీఎల్ ప్రొడక్ట్స్ వాళ్ల ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ 1990ల నుంచీ ఉంది. అక్కడ తయారైన పొడి ఎన్నో దేశాలకు పోతుంది. ఆ స్టేషన్ దాటినప్పుడల్లా, ఇంత కాఫీ చేసే జిల్లాలో నేను ఒక కప్పు కోసం సంచీలో ఫిల్టరు మోసుకు తిరుగుతున్నానని నవ్వొస్తుంది.

ఫిల్టరు కొనకముందు ఇంట్లోనే డికాక్షన్ తీసి చిన్న స్టీలు సీసాలో పట్టుకెళ్లేదాన్ని. మొదటి సాయంత్రం పర్వాలేదు. మర్నాటికి వాసన పోయి చేదు మాత్రం మిగిలేది. ఇక రోజూ తాజాగా తీసుకోవాల్సిందేనని ఇది కొన్నాను.

మొదట్లో దీని మీద నాకు ఎంత ముచ్చటంటే, తోటి ఆడిటర్లందరికీ చూపించేదాన్ని. పై గిన్నె కింది గిన్నెలో పెట్టి కాస్త తిప్పితే అంతే, తలకిందులు చేసినా ఊడదు. లాడ్జిలో తెల్లవారుజామున లేచి కెటిల్లో నీళ్లు మరిగించి పోసేసి, నేను స్నానం చేసి చీర కట్టుకునేలోపు డికాక్షన్ దిగేది. పై గిన్నె తీసి కడిగేసి, మూత కింది గిన్నెకు పెట్టుకుని సంచీలో నిలబెట్టుకునేదాన్ని. మూత రెండిటికీ సరిపోతుంది, అది ఇంకో సుఖం. బస్టాండు దాకా ఆటో ఎన్ని గుంతల్లో పడ్డా చుక్క బయటికి రాలేదు.

పాల సంగతి మీరు అడుగుతారు. కెటిల్లో పాలు కాచకండి. అడుగంటుతుంది, మీ తర్వాత ఆ గదిలో దిగినవాళ్లు తిట్టుకుంటారు. నేను బస్టాండు దగ్గర టీ బండి చూసుకుంటాను. ఒంగోల్లో ఒకావిడను, "పిన్నిగారూ, పంచదార లేకుండా ఒక గ్లాసు వేడి పాలు ఇస్తారా?" అంటే, "పసిబిడ్డకా అమ్మా?" అంది. నాకేనండీ అని ఫిల్టరు మూత తీశాను. ఆ వాసనకి పక్కన టీ తాగుతున్న ఇద్దరు ఇటు తిరిగారు. ఆవిడ తనకూ ఒక గుక్క పోయించుకుంది, పాలకు మాత్రం టీ డబ్బులే తీసుకుంది. అప్పటినుంచి ఏ ఊళ్లోనూ పాలు లేవన్నవాళ్లు తగల్లేదు. టీ బండి పాలల్లో నీళ్లు కలిసే ఉంటాయి గనక డికాక్షన్ మాత్రం ఇంట్లోకన్నా చిక్కగా తీసుకోవాలి. ఇంట్లో వాడే ఆరు శాతం వెన్న ప్యాకెట్ పాల రుచి అక్కడ ఆశించకూడదు.

ఇక ఏడిపించిన కథ.

నరసరావుపేటలో ఆడిట్ అనుకున్నదానికన్నా సాగింది. విజయవాడ నుంచి తీసుకెళ్లిన పొడి అయిపోయింది. అది నేను కాస్త బరకగా పట్టించుకునే పొడి, అందులో చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఐదో వంతు. అక్కడి బజారులో దొరికిన ప్యాకెట్ తెచ్చుకున్నాను. మైదాలా ఉంది, చికోరీ దాదాపు సగం. కాఫీ పొడి అని అమ్మే మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని ఆహార భద్రత నిబంధన. ఆ గీత మీద నడిచే ప్యాకెట్లు బోలెడు. సరే, ఒక పూటకేగా అని వేశాను.

ఆ రోజు ఎనిమిదింటికి శాఖలో ఉండాలి, చివరి రోజు, రిపోర్టు మీద సంతకాలు. నీళ్లు పోసి స్నానానికి వెళ్లి వచ్చి చూస్తే పై గిన్నె నిండా నీళ్లు అలాగే ఉన్నాయి. ఊపి చూస్తే కింద చెంచాడు డికాక్షన్ చప్పుడైనా లేదు. పొడి అడ్డుపడిందనుకుని పొడి మీద నొక్కి ఉంచే చిల్లుల బిళ్ళను చెంచాతో కదిపాను, అయినా దిగలేదు. సరే, పై గిన్నెను కాస్త లేపితే దారికొస్తుందని పట్టుకుంటే, అది కదల్లేదు. తువ్వాలు చుట్టి తిప్పాను. పమిట చెంగుతో తిప్పాను. వేళ్లు కాలాయి గానీ గిన్నె మాత్రం ఊడలేదు. టైము ఏడూ ఇరవై.

ఇది ఎందుకయిందో తర్వాత మా తమ్ముడు చెప్పాడు. వాడు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, అడగందే కూడా చెబుతాడు. డికాక్షన్ కిందికి దిగాలంటే కింది గిన్నెలో ఉన్న గాలి అంత మేరకు బయటికి పోవాలి. గిన్నెల మధ్య సందు లేకపోతే ఆ గాలి పొడిలోంచే పైకి రావాలి. బరక పొడిలోంచి వస్తుంది, అందుకే అంతకాలం నాకు తేడా తెలియలేదు. మెత్తటి పొడి, దానికి తోడు నీళ్లు తగలగానే ఉబ్బే చికోరీ కలిస్తే ఆ దారి మూసుకుపోతుంది. పైగా వేడికి కింది గాలి ఇంకా వ్యాకోచించి పైకి తోస్తుంది. ఇక ఊడకపోవడానికి కారణం వేరు. మరిగే నీళ్లు ముందు తగిలేది పై గిన్నెకు, అది లోపల ఉండేది. ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు గిన్నె అరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.06 మిల్లీమీటర్లు సాగుతుందట. అసలే బిగువుగా ఉన్నచోట ఆ కాస్తే చాలు. పై గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, కింది గిన్నెను బయటినుంచి వేడి నీళ్లలో ఉంచితే ఊడుతుందని వాడు ఫోన్లో చెప్పిన ఉపాయం. కానీ ఆ పొద్దున వాడు ఫోను తియ్యలేదు.

గది శుభ్రం చేయడానికి వచ్చిన కుర్రాడు నా అవస్థ చూసి, "ఇటివ్వండి మేడం, మా అమ్మ కూడా ఇట్టాగే బిగించేసుద్ది" అని తీసుకున్నాడు. పైనున్న నీళ్లు మగ్గులోకి వంపేసి, కిందికెళ్లి ఇనప పట్టకారు తెచ్చాడు. వద్దు బాబూ అంటూనే ఉన్నాను. కింది గిన్నె అంచు చుట్టూ టక్ టక్ మని కొట్టుకుంటూ వచ్చాడు. మూడో చుట్టులో ఊడింది. ఊడింది గానీ, అంచు మీద ఒకచోట చిన్న సొట్ట పడింది. వాడు దాన్ని బొటనవేలితో నొక్కి సరిచేయబోయి, కుదరక నావైపు చూసి నవ్వాడు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ పూట కిందికెళ్లి వాడే తెచ్చిన టీ తాగి శాఖకు వెళ్లాను.

ఇక్కడే అనుకోని లాభం జరిగింది. విజయవాడ వచ్చాక, పోతే పోయిందని అదే ఫిల్టరులో ఆ నరసరావుపేట పొడే మళ్లీ వేసి చూశాను. బొటబొటా దిగింది! సొట్ట పడ్డచోట కాస్త సందు ఏర్పడింది, గాలికి దారి దొరికింది. అంతకు ముందు బరక పొడికి పట్టే టైము కూడా తగ్గింది. గిన్నె మళ్లీ ఎప్పుడూ బిగుసుకోలేదు. మా అత్తయ్యగారు ఇది విని, "పై గిన్నె కొంచెం వంకరగా ఆనించి పెడితే పోయేదానికి సొట్ట పెట్టించుకోవాలా?" అన్నారు. ఆవిడ ఇంట్లో పెద్ద ఫిల్టరును ఎప్పుడూ అలాగే పెడతారని అప్పుడు గమనించాను. లాడ్జి గదిలో టీవీ బల్ల మీద వంకరగా పెట్టిన ఫిల్టరును నమ్మి స్నానానికి వెళ్లే ధైర్యం మాత్రం నాకు లేదు.

పైన చుక్క బయటికి రాలేదన్నాను కదా, అది సొట్టకు ముందు మాట. ఇప్పుడు మూత పెట్టి సంచీలో పెడితే నిలువుగా ఉన్నంతసేపే భరోసా. మచిలీపట్నం బస్సులో సంచీ ఒరిగి, పక్కనున్న ఫైలు అట్ట మూల గోధుమరంగుకు తిరిగింది. లోపలి కాగితాలకు ఏమీ కాలేదు, కానీ అప్పటినుంచి డికాక్షన్‌ను బిరడా సీసాలోకి వంపుకునే బయల్దేరుతున్నాను. అంటే ఒక వస్తువు తగ్గుతుందని కొన్నదానికి ఇంకో వస్తువు తోడయింది.

పొడి గురించి ఒక మాట. గిరిజన సహకార సంస్థ అమ్మే అరకు పొడి కూడా ఇందులో వాడాను. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. చికోరీ లేనిది వేస్తే ఈ చిన్న ఫిల్టరులో త్వరగా దిగిపోతుంది, డికాక్షన్ పలచగా వస్తుంది. పాలు లేకుండా తాగేవాళ్లకు అది అమృతం. టీ బండి పాలల్లో మాత్రం కొట్టుకుపోతుంది. పాలల్లో నిలబడాలంటే నాకు ఆ ఐదో వంతు చికోరీ కావాల్సిందే. నీళ్లు మాత్రం ఏ ఊరెళ్లినా క్యాన్ నీళ్లే. పల్నాడులో బోరు నీళ్లతో పెడితే కెటిల్‌కు తెల్లగా సున్నం పట్టడమే కాదు, కాఫీ కూడా చప్పబడుతుంది.

రైలు ప్రయాణానికి దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు. రైల్లో కెటిల్ వాడటం నిషేధం, అక్కడి సాకెట్లు ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకే. పినాకినీలో చెన్నై వెళ్లేటప్పుడు నేనూ పేపర్ కప్పులో వచ్చినదే తాగుతాను. నలుగురు కలిసి వెళ్లినా ఇది చాలదు. ఒక్కరికి ఒకసారి దించడానికే ఓపిక పట్టాలి. మా ఆయన టీ మనిషి కాబట్టి మా ఇంట్లో ఆ గొడవ లేదు.

ఇంతా చెప్పి కొనమంటావా వద్దంటావా అంటే, నాలా ఒంటరిగా లాడ్జిల్లో దిగేవాళ్లు, కెటిల్ ఉన్న గది దొరికేవాళ్లు, పాలకోసం బండి దాకా నడవడానికి సిగ్గుపడనివాళ్లు అయితే కొనండి. ఇవాళ మళ్లీ కొనాల్సి వస్తే నేను ఇదే రకం కొంటాను గానీ, ఇంత బిగువుది ఏరుకోను. కొట్లోనే పై గిన్నె పెట్టి తిప్పి చూడండి. రెండు వేళ్లతో ఊడి రావాలి. వీలైతే కాసిని వేడి నీళ్లు పోసి మళ్లీ తీసి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే వన్‌టౌన్‌లో పక్కనే ఇంకో కొట్టుంటుంది.