డండీలో ఒక వీధి, ఒక డిఫెండర్

స్కాట్లాండ్ వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా ఎడిన్‌బరా కోట, లాక్ నెస్ సరస్సు చూసుకుని వచ్చేస్తారు. డండీలో దిగేవాళ్ళు తక్కువ. నేను దిగింది ఫుట్‌బాల్ డిఫెండర్ డేవిడ్ నేరీ కోసం. పుట్టింది ఆ ఊళ్ళోనే, 1973 నుంచి 1994 దాకా ఆడింది ఆ ఊరి క్లబ్బు డండీ యునైటెడ్‌కే. మొత్తం 872 మ్యాచ్‌లు. క్లబ్బులో అదే రికార్డు. అరిచి గోల చేసే రకం కాదు, అవసరం లేకపోతే కింద పడి ట్యాకిల్ చేసే రకం అంతకంటే కాదు. ఇలాంటి ఆటగాడి గుర్తులు వెతుక్కుంటూ వెళ్తే ఏం దొరుకుతాయన్నదే ఈ ప్రయాణం.

ఎడిన్‌బరా నుంచి రైల్లో గంటన్నర లోపే చేరతారు. దారిలో రెండు పెద్ద వంతెనలు వస్తాయి. ఫోర్త్ వంతెన అందరికీ తెలిసిందే. డండీ ముందు వచ్చే టే వంతెన మీద మాత్రం ఫోన్ పక్కన పెట్టి కిందికి చూడండి. 1879లో తుఫానుకి రైలుతో సహా కూలిపోయిన పాత వంతెన స్తంభాల మొదళ్ళు ఇప్పటికీ నీళ్ళలో కనిపిస్తాయి.

బస విషయంలో నా సలహా ఒక్కటే: స్టేషన్ దగ్గర, నది ఒడ్డున ఉన్న హోటళ్ళలోనే దిగండి. నేను మొదట కాస్త చవకని ఊరి పైభాగంలో ఒక గెస్ట్ హౌస్ తీసుకున్నాను. పేరెందుకు గానీ, రాత్రి పదయ్యేసరికి హీటర్ దానంతటదే ఆగిపోయేది. అడిగితే "టైమర్ అంతే" అన్నారు. పొద్దున టిఫిన్ మాత్రం బాగా పెట్టారు, అది ఒప్పుకోవాలి. తర్వాత స్టేషన్ దగ్గరికి మారాను. గది చిన్నదే కానీ వెచ్చగా ఉంది, అన్నీ నడిచే దూరంలో ఉన్నాయి. ఆగస్టులో ఎడిన్‌బరాలో పండగల సీజన్ కాబట్టి అక్కడ రేట్లు మండిపోతాయి. ఆ రోజుల్లో అయితే డండీలో ఉండి ఎడిన్‌బరాకి వెళ్ళి రావడం నయం.

ఇక అసలు సంగతి. టానడైస్ వీధి. ఊరి మధ్య నుంచి నడిస్తే అంతా ఎత్తే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బస్సెక్కండి. ఈ ఒక్క వీధిలో రెండు ప్రొఫెషనల్ క్లబ్బుల స్టేడియాలున్నాయి: యునైటెడ్‌ది టానడైస్, డండీ ఎఫ్‌సీది డెన్స్ పార్క్. ఒక గేటు నుంచి రెండో గేటుకి నడక రెండు మూడు నిమిషాలు. నేరీ కెరీర్‌లో తమాషా అంతా ఈ రెండు మూడు నిమిషాల దూరంలోనే ఉంది. యునైటెడ్ గెలిచిన మొదటి పెద్ద కప్పు 1979 డిసెంబరులో లీగ్ కప్. అబర్డీన్‌తో ఫైనల్ డ్రా అయితే, మళ్ళీ ఆడించింది డెన్స్ పార్క్‌లో. 3–0. మరుసటి ఏడాది అదే కప్పు ఫైనల్, అదే డెన్స్ పార్క్, ఈసారి ఎదురు నిలిచింది ఆ ఇంటివాళ్ళే. మళ్ళీ 3–0. 1983 మే 14న లీగ్ టైటిల్ ఖాయం చేసుకుంది కూడా అక్కడే, 2–1తో. మూడు ట్రోఫీలూ పక్కింటివాళ్ళ పెరట్లోనే ఎత్తారన్నమాట! ఆ పక్కింటివాళ్ళ ముందు ఈ మాట ఎత్తకండి.

ఆ జట్టుని నడిపింది జిమ్ మెక్లేన్ అనే మహా కఠినమైన మేనేజర్. డిఫెన్స్‌లో నేరీ పక్కన పాల్ హెగర్టీ ఉండేవాడు, గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా వచ్చి, గోల్ ముందు అడ్డు నిలిచే స్టాపర్‌గా స్థిరపడ్డవాడు. తర్వాత మారిస్ మాల్పస్ చేరాడు. ఒకవైపు ఆడుతూనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడట, మన ఇళ్ళలో పిల్లలకి చెప్పడానికి పనికొచ్చే ఉదాహరణ. వీళ్ళంతా 1987లో బార్సిలోనాని ఇక్కడా అక్కడా రెండు మ్యాచ్‌లలోనూ ఓడించి యూరప్ క్లబ్బుల టోర్నీ యుయెఫా కప్ ఫైనల్ దాకా వెళ్ళారు. అక్కడ స్వీడన్ క్లబ్బు గోథెన్‌బర్గ్ చేతిలో ఓడారు. టానడైస్ చూస్తే ఆశ్చర్యమేస్తుంది: పట్టేది 14 వేల పైచిలుకు జనం మాత్రమే.

మ్యాచ్ రోజు వెళ్తేనే ఈ వీధికి అర్థం. ఖాళీ రోజున ఇనుప గేట్లు, గోడలు తప్ప చూసేదేం లేదు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. లోపల స్టాఫ్ మర్యాదగా దారి చూపించారు, సీట్లు మాత్రం ఇరుకు. తిండి అంటే "పై", అంటే మాంసం కూరి కాల్చిన పిండివంట. బోవ్రిల్ అనే వేడి డ్రింక్ అందరి చేతుల్లోనూ కనిపిస్తుంది, అది గొడ్డుమాంసం సారం. తిననివాళ్ళు టీతో సరిపెట్టుకోండి.

ఊళ్ళో ఇంకేం చూడాలంటే, నదీతీరాన వీ అండ్ ఏ డిజైన్ మ్యూజియం బిల్డింగ్ బయటి నుంచే ఎక్కువ బాగుంది. నా ఓటు వెర్డంట్ వర్క్స్‌కి. పాత జనపనార మిల్లుని మ్యూజియం చేశారు. బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన నారని ఇక్కడ తిమింగలం నూనెతో మెత్తబరిచి నేసేవాళ్ళు. తర్వాత అదే పని కలకత్తా మిల్లులు చవగ్గా చెయ్యడంతో ఈ ఊరి బతుకు కుదేలైంది. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల గోనెసంచులు చూసి పెరిగిన మా విజయనగరం వైపు వాళ్ళకి ఆ మగ్గాల మోత కొత్తగా అనిపించదు. నేరీ ఆడిన కాలమంతా ఇక్కడ మిల్లులు మూతపడుతున్న కాలమే.

గ్లాస్గోలో హాంప్‌డెన్ స్టేడియం దగ్గరున్న ఫుట్‌బాల్ మ్యూజియం టికెట్ డబ్బు దండగ కాదు. దేశవాళీ ట్రోఫీల్లో ప్రపంచంలోకెల్లా పాతదైన స్కాటిష్ కప్ అక్కడ చూడొచ్చు. స్టేడియం టూర్ కూడా కావాలంటే ఆ రోజు ఉందో లేదో ముందు కనుక్కోండి. 1982 ప్రపంచకప్ కబుర్లు మొదలెడితే ఏ స్కాట్ అయినా నేరీ గోల్ దగ్గరికే వస్తాడు. సెవిల్‌లో జికో, సోక్రటీస్‌లున్న బ్రెజిల్ మీద పెనాల్టీ బాక్స్ అంచు నుంచి కొట్టాడు, 1–0. చివరికి 4–1తో ఓడిపోయారు. టీవీలో జిమ్మీ హిల్ అనే ఇంగ్లిష్ విశ్లేషకుడు ఆ గోల్‌ని కాలివేలితో పొడిచిన షాట్ అని తేలిగ్గా తీసిపారేసినందుకు స్కాట్లాండ్‌లో అతనికి ఏళ్ళ తరబడి తిట్లు పడ్డాయి. నేరీకి దేశం తరఫున దక్కినవి 35 మ్యాచ్‌లే. అదే కాలంలో విల్లీ మిల్లర్, అలెక్స్ మెక్లీష్, అలన్ హాన్సెన్ లాంటి డిఫెండర్లు ఉంటే ఎవరికైనా అంతే.

చివర్లో అతను రేత్ రోవర్స్‌కి మారాడు. ఆ సీజన్‌లోనే, 1994 నవంబరులో, ఆ చిన్న క్లబ్బు సెల్టిక్‌ని పెనాల్టీల్లో ఓడించి లీగ్ కప్ గెలిచింది. వాళ్ళ స్టేడియం కర్కాడీలో రైలుపట్టాల పక్కనే ఉంటుంది. మ్యాచ్ లేకపోతే అక్కడ దిగొద్దు, డండీ నుంచి ఎడిన్‌బరా వచ్చేటప్పుడు కిటికీలోంచి చూస్తే చాలు. కాకపోతే కర్కాడీలో ఆగే బండేనా కాదా చూసుకోండి. ఆగని బండి అయితే స్టేడియం అలా వచ్చి ఇలా వెళ్ళిపోతుంది.