వేలితో కదలని ప్లేటు: మూడేళ్ళు వాడిన చైను లాకు గురించి

మోటారు సైకిలు చైను రెండు కొనలనూ కలిపే, చైను లాకు అని మనం పిలిచే ఈ మాస్టర్ లింకును బిగించిన రోజున తిట్టుకున్నంతగా బండికి సంబంధించిన మరే వస్తువునూ తిట్టుకోలేదు. గ్రీజు బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగులున్న (ఎక్స్ రింగుల) 520 సైజు చైనుతో పాటు చిన్న సంచిలో వచ్చింది: రెండు పిన్నుల లింకు, పిన్నుల మీద ఎక్కే విడి ప్లేటు, అది ఊడకుండా పిన్నుల గాళ్ళలో కూర్చునే క్లిప్పు, నాలుగు రింగులు, చిటికెడు గ్రీజు. నా పాత బండికి ఉన్న లాకులో క్లిప్పు తీస్తే చాలు, ప్లేటు దానంతట అదే చేతిలోకి వచ్చేది. దీని ప్లేటు మాత్రం పిన్నుల కొనల మీద కూర్చుని, ఎంత నొక్కినా వెంట్రుకవాసి కూడా లోపలికి దిగలేదు. రంధ్రాలు కావాలనే బిగువుగా చేస్తారట. క్లాంపుతో నొక్కి ఎక్కించాల్సిందే.

నా దగ్గర చైను ప్రెస్సు లేదు. మామూలు సి క్లాంపు తీసుకుని, పిన్ను కొన దూరేంత నట్టును ప్లేటుకు ఆనించి, ఒకసారి ఈ పిన్ను దగ్గర, ఒకసారి ఆ పిన్ను దగ్గర మార్చి మార్చి బిగించాను. ఉత్సాహం ఎక్కువై ఒక చుట్టు అదనంగా తిప్పాను. చక్రం తిప్పి చూస్తే వెనక స్ప్రాకెట్ (పళ్ళ చక్రం) నుంచి వదిలిన ప్రతిసారీ ఆ ఒక్క లింకే వంగినది వంగినట్టే ఉండిపోయింది. రింగులు నలిగిపోయాయి. ఇంకో లింకు కొనక తప్పలేదు. రెండోసారి పక్క లింకు వెడల్పును ప్లేటు నుంచి ప్లేటు వరకు వెర్నియర్‌తో కొలిచి, సరిగ్గా అంతే వచ్చాక ఆపాను. అప్పుడు పిన్నుల గాడి పూర్తిగా బయటపడింది, క్లిప్పు టక్కుమని కూర్చుంది. క్లిప్పు మూసి ఉన్న కొన చైను నడిచే దిశకే ఉండాలన్నది అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను.

ఇక అసలు సంగతి. ఏడాదిన్నర తర్వాత, నాలుగు రోజులు వానలో తిరిగి వచ్చాక, కిరోసిన్ గుడ్డతో చైను తుడుస్తూ లాకు కోసం వెతుకుతున్నాను. ఒక చుట్టు తిప్పాను, కనబడలేదు. రెండో చుట్టులో రెండు పిన్నుల గాళ్ళలో నల్లటి బురద నిండి కనిపించింది. గోటితో గీకాను. క్లిప్పు లేదు! అంతకుముందు చైను చూసి ఐదు వందల కిలోమీటర్లయింది. ఆ మధ్యలో అది ఎప్పుడు ఊడి ఎక్కడ పడిందో మరి. నోట మాట రాలేదు.

ప్లేటును బొటనవేలితో తోసి చూశాను. కదలలేదు. స్క్రూడ్రైవర్ కొనతో ఎగదోశాను, అప్పుడూ కదలలేదు. వెర్నియర్ పెడితే మొదట్లో కొలిచిన అంకే. పాత బండి లాకే అయి ఉంటే క్లిప్పు పోయిన కాసేపటికే ప్లేటు జారి, తెగిన చైను ముందు స్ప్రాకెట్ దగ్గర చిక్కుకుని ఇంజను కేసును పగలగొట్టేదేమో. ఏ బిగువును తిట్టుకున్నానో ఆ బిగువే ఇన్నాళ్ళూ చైనును పట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి ఈ ముక్కంటే నాకు వల్లమాలిన అభిమానం.

అలాగని క్లిప్పు లేకుండా తిరగవచ్చని అనడం లేదు. ఆ ప్లేటు ఇంకెన్ని రోజులు నిలిచేదో చెప్పలేను. పైగా క్లిప్పు ఊడటం నా చేతలవల్లే. ఒకసారి చైను విప్పినప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఎగదన్ని తీసి, కాళ్ళు విచ్చుకున్న ఆ క్లిప్పునే మళ్ళీ వాడాను. ఇప్పుడు విప్పితే కొత్త లింకే. ప్లేటును కూడా తిరిగి ఎక్కించను, రెండోసారికి ఆ బిగువు మొదటంత ఉండదు. ‘విప్పుకోవడం సులువు’ అని అప్పట్లో స్నేహితులకు చెప్పిన గొప్ప దాంతో సగం తగ్గిపోయింది.

మరో పొరపాటు కూడా చేశాను. అత్యవసరానికని వేరే రకం 520 లింకు కొని ఉంచుకున్నాను. 520 అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య 15.875 మి.మీ., లోపలి వెడల్పు 6.35 మి.మీ. అని మాత్రమే అర్థం. పిన్ను లావు, ప్లేటు మందం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటాయి. ఆ లింకు పిన్ను నా చైనులో వదులుగా ఆడింది. చైను పెట్టె మీద ఉన్న పేరూ అక్షరాలూ లింకు సంచి మీద కూడా ఒక్కటి పోకుండా ఉంటేనే కొనాలి.

నాది ఒక సిలిండరు బండి, ఒక్కడినే నిదానంగా నడుపుతాను, వారానికోసారి చైను చూస్తాను. ఆ లెక్కన ఈ క్లిప్పు లాకు నాకు సరిపోయింది. నాలుగు సిలిండర్ల పెద్ద బండే ఉంటే, లేదా చైను వైపు చూసే తీరిక లేకుంటే, నేనైనా క్లిప్పుకు బదులు పిన్ను కొనలనే నొక్కి విప్పార్చే రివెట్ లింకు వేయించుకుని అవి సరిగ్గా విప్పారాయో లేదో కొలిపించేవాడిని. ప్రస్తుతానికి లాకు వెంటనే కనబడేలా ప్లేటు మీద తెల్ల రంగు చుక్క పెట్టుకున్నాను. రెండు వారాలకే నూనెలో కలిసిపోతోంది, మళ్ళీ పెడుతున్నాను.