తోటల దారిలో ట్యూబ్‌లెస్ టైర్లు

తొమ్మిది రోజులు, 600 కిలోమీటర్లు, చాలావరకు పండ్ల తోటల మధ్య మట్టి బాటలే. ఈ ప్రయాణం కోసమే సైకిల్‌కి 40 మిల్లీమీటర్ల వెడల్పున్న ట్యూబ్‌లెస్ టైర్లు వేయించాను.

నిమ్మ తోటల పక్కన కత్తిరించిన కొమ్మలు బాట మీదే పడి ఉన్నాయి. ఆ ముళ్లు చిన్నవే కానీ మహా గట్టివి. మూడో రోజు వెనక చక్రం నుంచి తెల్లటి సీలెంట్ (రంధ్రాలు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) చిమ్మింది. ఒకటే టెన్షన్! ముల్లు లాగేసి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నాను. సీలెంట్‌లోని లేటెక్స్, అంటే రబ్బరు పాలు, గడ్డకట్టి, గాలి పోవడం నిమిషంలో ఆగిపోయింది. ట్యూబ్ ఉన్న చక్రమైతే విప్పి ప్యాచ్ వేసేసరికి అరగంట పట్టేది. తర్వాత అలాంటివి ఇంకో నాలుగు ముళ్లు దిగాయి, నేను ఆగనే లేదు.

గాలి ఒత్తిడి ముందు టైరులో 40 పీఎస్ఐ, సామాను బరువు పడే వెనక టైరులో 45 ఉంచాను. ఒత్తిడి తక్కువ కావడంతో కుదుపులు తగ్గి సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కలేదు, అది నాకు చాలా పెద్ద విషయం.

నచ్చనిది ఒకటుంది. రాలిన పండ్లు నలిగి బురదలా ఉన్న మలుపుల్లో ఈ టైరు జారింది. నడిమి భాగం మరీ నున్నగా ఉంది.

బిగించేటప్పుడు మామూలు పంపుతో అంచు రిమ్ములో కూర్చోలేదు, కంప్రెసర్ కావాల్సి వచ్చింది. టైరు పక్కభాగం చీలితే సీలెంట్ ఆపలేదు కాబట్టి సంచిలో ఒక ట్యూబ్ తప్పకుండా పెట్టుకోండి. సీలెంట్ కొన్ని నెలల్లో ఎండిపోతుంది. బయలుదేరే ముందు కొత్తది పోయించండి.