మోనాలిసా గది దాటి, పై అంతస్తులో కోరో

పారిస్ వెళ్తే లూవ్ర్ మ్యూజియంకి ఒక శుక్రవారం సాయంత్రం కేటాయించండి. ఆ రోజు రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. 2025లో మేం వెళ్ళినప్పుడు టికెట్ 22 యూరోలు. మోనాలిసా ముందు తోపులాట తట్టుకోలేక అక్కా నేనూ అయిదు నిమిషాల్లో బయటపడి, సుల్లీ విభాగం రెండో అంతస్తుకి ఎక్కాం. అక్కడ జనమే లేరు.

ఫ్రెంచ్ చిత్రకారుడు కమీల్ కోరో అంటే పొగమంచు చెరువులు, వెండి రంగు చెట్లు అనే నాకు తెలుసు. ఆయన మనుషుల్నీ వేశాడనీ, ఆ బొమ్మల్లో చాలావాటిని బతికుండగా బయట పెట్టలేదనీ అక్క చెప్పింది. ‘ముత్యం యువతి’ ముందు నిలబడితే కాలు కదల్లేదు. కూర్చున్న తీరు, చేతి మీద చెయ్యి వేసుకోవడం అచ్చం మోనాలిసాదే. నుదుటి మీద మన పాపిటబిళ్ళలా కనిపించేది ముత్యం కాదు, తలకి చుట్టుకున్న ఆకుల దండలోంచి జారిన చిన్న ఆకు! ‘నీలం దుస్తుల స్త్రీ’ 1874 నాటిది. అప్పటికి ఆయనకి 78 ఏళ్ళు, మరుసటి ఏడే పోయాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తన ఆలోచనలో తానుంది. ఆ నీలం ఏ ఫోటోలోనూ రాదు.

మర్నాడు సాఁ లజార్ స్టేషన్లో ఎల్ లైన్ రైలెక్కి, ఆయన చెరువులు గీసిన విల్ దావ్రేకి వెళ్ళాం. అప్పుడు టికెట్ 2.50 యూరోలు. 1817లో ఆయన తల్లిదండ్రులు ఇల్లు కొన్న ఊరది. స్టేషన్ నుంచి నడక కాస్త ఎక్కువే. చెరువు గట్టు ప్రశాంతంగా ఉంది. కానీ టైమ్ తక్కువైతే నా ఓటు లూవ్ర్ గదికే. చెరువు మీద చూసిన ఆ మెత్తటి వెలుగే అక్కడ ఆ ఆడవాళ్ళ ముఖాల మీద ఇంకా బాగుంది.

బస మాత్రం బాధపెట్టింది. హోటల్ లిఫ్ట్ పాడై, మోకాళ్ళ నొప్పులున్న అక్క రోజూ అయిదంతస్తులు ఎక్కింది. కింది గది అడిగితే లేదన్నారు. బుక్ చేసేముందు లిఫ్ట్ సంగతి ఫోన్ చేసి కనుక్కోండి. తిండికి పారిస్‌లోనే ఉన్న లా షపెల్ దగ్గరి తమిళుల హోటళ్ళు నయం, దోశ వేడిగా పెట్టారు.

ఇంకో మాట. లూవ్ర్‌లో కొన్ని గదులు కొన్ని రోజులు మూసేస్తారు. టికెట్ కొనేముందే వాళ్ళ సైట్‌లో ఆ పట్టిక చూసుకోండి. అంత దూరం వెళ్ళి ఆ నీలం చూడకుండా తిరిగి రావద్దు.