తెరచాప పట్టడం నేర్చుకోవాలంటే కళింగపట్నమా, బారువా?

విండ్‌సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి తెరచాప పట్టుకుని గాలితో నీళ్ల మీద సాగడం, కొత్తగా నేర్చుకునేవాళ్లు బీచ్ అందం చూసి ఊరు ఎంచుకోకూడదు. నీళ్లు నిలకడగా ఉన్నాయా, నడుము లోతులో ఇసుక తగులుతుందా, గాలి ఎటు తోస్తోంది అన్న మూడూ చూసుకోవాలి. ఈ చలికాలం బోర్డు వేసుకుని అటు బారువ దాకా, ఇటు విజయనగరం జిల్లా చింతపల్లి దాకా తిరిగాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది.

నేర్పింది మా బావ. నేవీలో ఉండగా నేర్చుకున్నాడు. రిటైరయ్యాక ఒక పాత బోర్డు కొని శ్రీకాకుళం తెచ్చుకున్నాడు. దాదాపు 200 లీటర్ల ఘనపరిమాణం ఉన్న బోర్డు, తలుపంత వెడల్పు. చాప 4 చదరపు మీటర్లు. గాలి గంటకు 10 నుంచి 18 కిలోమీటర్ల మధ్య ఉంటేనే కొత్తవాళ్లను దించాలని అతని పట్టుదల. నీటి మీద తెల్ల నురగలు లేచాయంటే ఆ రోజుకు చాప చుట్టేయడమే.

ముందుగా కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. లైట్‌హౌస్ దగ్గర బీచ్‌లో కెరటం ఒడ్డు మీదే విరిగి పడుతుంది, అక్కడ బోర్డు దించడం దండగ. మొగ వైపు నడిస్తే ఇసుకదిబ్బ వెనక నది నీళ్లు వెడల్పుగా, లోతు లేకుండా పరుచుకుని ఉంటాయి. కెరటాల్ని దిబ్బ ఆపేస్తుంది, గాలిని మాత్రం ఆపదు. నేర్చుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి చోటు ఈ రెండు జిల్లాల్లో కనబడలేదు.

మేము పొద్దున్నే దిగబోతుంటే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఆపాడు. "ఇప్పుడెల్లకండి బాబూ, గాలి లోనికి తోస్తంది. పొద్దెక్కనీండి" అన్నాడు. ఇంజన్లు రాకముందు తెప్పకు చాప కట్టి వేటకు వెళ్లిన మనిషి. ఆయన మాట అక్షరాలా నిజం. చలికాలం తెల్లవారి గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డున నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి గానీ, చాప తిప్పడం రానివాణ్ణి ఆ గాలి తిన్నగా లోపలికి నెట్టేస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి ఒడ్డుకు మళ్లుతుంది. అప్పుడు కిందపడినా ఒడ్డు వైపే కొట్టుకొస్తాం. మొగ దగ్గర ఇంకొకటి కూడా చూసుకోవాలి. పాటు సమయంలో నది నీళ్లు వేగంగా సముద్రంలోకి లాగేస్తాయి. పోటు వచ్చేటప్పుడే దిగాలి.

బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి "చుక్కాని ఏదండీ?" అని అడిగాడు ఆ పెద్దాయన. చుక్కాని లేదు. అసలు కిటుకంతా అందులోనే ఉంది. చాపను నిలబెట్టే స్తంభం, అదే మాస్ట్, బోర్డుకు గట్టిగా బిగించి ఉండదు, అడుగున ఉన్న కీలు మీద ఎటైనా వంగుతుంది. చాపను ముందుకు వంచితే బోర్డు ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వంచితే గాలి వైపు తిరుగుతుంది. గాలికి సూటిగా ఎదురు వెళ్లడం ఎవరి తరమూ కాదు, రెండు పక్కలా దాదాపు 45 డిగ్రీల మేర వదిలేసి ఏటవాలుగా వెళ్లాలి. మొదట్లో గాలికి అడ్డంగా పోయి, అడ్డంగానే తిరిగి రావడం నేర్చుకుంటే చాలు.

చాప ఎత్తేటప్పుడు గాలి మన వీపుకు తగలాలి. పాదాలు మాస్ట్‌కు చెరో పక్క పెట్టి, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, తాడు పట్టుకుని శరీరం బరువుతో లాగాలి. నడుము వంచి చేతులతో లాగితే మర్నాడు మంచం దిగలేం. చాప నీళ్లలోంచి లేచాక కాసేపు ఊరికే రెపరెపలాడనివ్వాలి. తర్వాతే చాపకు అడ్డంగా ఉండే పిడి, అంటే బూమ్ పట్టుకుని, మాస్ట్ కాస్త ముందుకు వంచి, వెనక చేత్తో మెల్లగా దగ్గరకు లాక్కోవాలి. గాలి ఎక్కువైందనిపిస్తే వెనక చెయ్యి వదిలేస్తే సరి, టెన్షన్ అక్కర్లేదు. ఆ చాప మొదటిసారి గాలి పట్టి బోర్డు కదిలినప్పటి సంతోషం చెప్పడానికి నాకు మాటలు చాలవు.

కళింగపట్నానికి బస శ్రీకాకుళంలోనే చూసుకోవడం మంచిది, దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. మేము దిగిన మొదటి లాడ్జిలో బోర్డును ఆవరణలో పెట్టనివ్వలేదు, గది మాట్లాడుకునేటప్పుడే ఒప్పుకుని కూడా. రెండో చోట మెట్ల కింద పెట్టించి, తడి బట్టలు ఆరేసుకోవడానికి మేడ తాళం కూడా ఇచ్చారు. ట్రాలీ ఆటో రానూపోనూ 1,500 అడిగాడు, సాయంత్రం దాకా ఆగాడు కాబట్టి ఎక్కువనిపించలేదు. ఒక పడవతన్ని మాట్లాడుకుని దగ్గరలో ఉంచుకోండి. అక్కడ డబ్బు ఆదా చేయొద్దు.

బారువలో బస బాగుంటుంది, కొబ్బరితోటల మధ్య కుటుంబంతో రెండు రోజులు హాయిగా గడపొచ్చు. 1917లో మునిగిన చిల్కా ఓడ శిథిలాలు చూడ్డానికి స్కూబా డైవింగ్‌కు వచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ సముద్రం తెరిచి ఉంటుంది, కెరటాలు పెద్దవి. మహేంద్రతనయ మొగ దగ్గర నీళ్లు ఇరుకు. చాప తిప్పడం బాగా వచ్చాక వెళ్లాల్సిన చోటు అది. భావనపాడు క్రీక్‌లో గాలి నిలకడగా వస్తుంది గానీ, అడుగున బురద, పైన వలలు, పడవల రాకపోకలు. పని చేసుకునేవాళ్లకు మనం అడ్డం కాకూడదు. అటు వెళ్తే తేలినీలాపురంలో పెలికాన్లు చూసి రండి, దానికే ఒక పూట పెట్టొచ్చు.

చింతపల్లిలో రాళ్లు ఎక్కువ. డైవింగ్‌కు అవి అందం, బోర్డు కింద చేప రెక్కలా ఉండే ఫిన్‌కు మాత్రం గండం. గంట్యాడ మండలంలోని తాటిపూడి రిజర్వాయర్‌లో కెరటాల గొడవే లేదు. అయితే చుట్టూ కొండలుండటంతో గాలి ఒక్క తీరున ఉండదు, అప్పుడే ఆగి అప్పుడే విసురుతుంది. పైగా అది విశాఖకు తాగునీరిచ్చే చెరువు. మేము బోటింగ్ చేసి వచ్చేశాం, బోర్డు దించలేదు.

వెళ్లేవాళ్లు జనవరి, ఫిబ్రవరి నెలలు పెట్టుకోండి. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం గాలి కొత్తవాళ్ల చేతికి మించిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాన్ల భయం ఉంటుంది. 2018లో తిత్లీ ఈ తీరాన్నే కొట్టింది. లైఫ్ జాకెట్ సొంతది తెచ్చుకోండి, అరికాళ్లకు నత్తగుల్లలు కోసుకోకుండా రబ్బరు బూట్లు వేసుకోండి. ఏదైనా తేడా వస్తే బోర్డు వదిలి ఈదొద్దు. చాప నీళ్లలో పడేసి బోర్డు మీదే కూర్చుని, రెండు చేతులూ తల మీంచి ఊపితే పడవతను వచ్చేస్తాడు.